“అబ్బా” అను మాట

పఠన భాగములు: మార్కు 14:32–36, రోమా 8:14–17, గలతీ 4:1–7



మన బైబిలులో తెలుగు కాని మాటలు కొన్ని ఉన్నవి. ఆమేన్, హల్లెలూయా, హోసన్నా అనునవి అట్టివి. చిన్ననాటినుండి పలుకుచున్నను ఇవి పరదేశమునుండి వచ్చిన మాటలని మన చెవికి తెలియును. అయితే ఒక మాట మాత్రము మన చెవిని మోసగించును. అది అచ్చ తెలుగువలె వినబడును గాని తెలుగు కాదు. అదియే “అబ్బా” అను మాట. క్రొత్త నిబంధన గ్రీకు మూలములో ఇది మూడు తావులలో ఉన్నది. గెత్సేమనే తోటలో మన ప్రభువు చేసిన ప్రార్థనలో ఒకసారి, పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో ఒకసారి, గలతీయులకు వ్రాసిన పత్రికలో ఒకసారి.

ఈ మాటను గూర్చి వ్రాయుటకు ముందు నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. నేను వేదాంత పాఠశాల విడిచి సేవలో ప్రవేశించిన తొలి దినములలో ఒక పల్లె సంఘమునందు రోమా 8వ అధ్యాయముమీద ప్రసంగించితిని. “మన పూర్వికులు తండ్రిని అబ్బ అనిరి, మన ప్రభువును తండ్రిని అబ్బా అనెను. కావున ఆయన పలికిన భాషయు మన తెలుగును ఒక్క తల్లి బిడ్డలు. యూదుల దేశమునుండియే ఈ మాట మనకు వచ్చినది” అని గట్టిగా చెప్పితిని. ఈ సంగతి నేను మరియొక బోధకుని నోట వినియుంటిని. నిజమో కాదో విచారింపలేదు. సంఘము సంతోషించెను. నేనును సంతోషించితిని.

ఆరాధన ముగిసిన తరువాత, కళాశాలలో తెలుగు చదువుచున్న యౌవనుడొకడు వేపచెట్టు క్రింద నాకొరకు కనిపెట్టుకొనియుండెను. “అయ్యగారూ, మీరు చెప్పింది ఏ పుస్తకంలో ఉంది? తెలుగు ద్రావిడ భాష అని మా తరగతిలో చెప్పినారే” అని మర్యాదగానే అడిగెను. నాయొద్ద జవాబు లేదు. జవాబు లేనివానికి కోపము త్వరగా వచ్చును. “అనుమానముతో వినవద్దు, విశ్వాసముతో వినుము” అంటిని. అతడు తల వంచుకొని వెళ్లిపోయెను. తరువాత అనేక వారములు గుడిలో అతని చోటు ఖాళీగా నుండెను.

ఆ వారములోనే మంచమున పడియున్న ఒక వృద్ధురాలిని చూడబోతిని. ఆమె నా ప్రసంగము గుర్తుంచుకొనెను. “అయ్యగారూ, మోకాలు నొప్పి లేచినప్పుడల్లా నేను అబ్బా అంటాను. యేసయ్య కూడా తోటలో నొప్పికే అబ్బా అన్నాడా?” అని అడిగెను. దానికిని నాయొద్ద సరియైన జవాబు లేకపోయెను.

ఈ రెండు ప్రశ్నలకు నేను ఆలస్యముగా చెప్పుచున్న జవాబే ఈ వ్యాసము.

మన ఇంటిలోని అబ్బ

మొదట మన తెలుగు మాటను చూతము. సి. పి. బ్రౌను దొర 1852లో ప్రకటించిన తెలుగు నిఘంటువులో “అబ్బ” అనగా తండ్రి అని యున్నది. కన్నడములోను తమిళములోను తండ్రిని “అప్ప” అందురు. ఇవి ఒక్క కుటుంబపు మాటలు. నేడు మనలో అనేకులు నాయన, నాన్న, అయ్య అనుచున్నారు. రాయలసీమలో అనేక పల్లెలయందు “అబ్బ” అనగా తాత. ఆదివారపు బడిలో ఒక పిల్లవాడు “అబ్బంటే తాత గదా అయ్యగారూ, యేసయ్య తాతను ఎందుకు పిలిచినాడు?” అని నన్ను అడిగెను. వాని ఇంటి భాషనుబట్టి వాడు సరిగానే అడిగెను.

ఇంతే కాదు. నొప్పి కలిగినను, ఆశ్చర్యము కలిగినను, బరువు దించినను మనము “అబ్బా” అందుము. “వానికి చదువు అబ్బలేదు” అనునప్పుడు అదే శబ్దమునకు దొరకుట, అలవడుట అని అర్థము. కోపము వచ్చినప్పుడు ఎదుటివాని తండ్రిని ఎత్తి తిట్టుటకును ఈ మాటనే వాడుదురు. ఆ తిట్టు ఇక్కడ వ్రాయనక్కరలేదు, అందరును వినినదే. ఒక్క భాషలోనే ఒక్క శబ్దము తండ్రిగాను, తాతగాను, మూలుగుగాను, తిట్టుగాను నున్నది. శబ్దము ఒక్కటియైనంత మాత్రమున అర్థము ఒక్కటి కాదని ఇందువలన మొదటి పాఠము నేర్చుకొందము.

ప్రభువు పలికిన అబ్బా

మన ప్రభువు ఇంటిలో పలికిన భాష అరమేయ భాష. అది హెబ్రీ భాషకు చెల్లెలివంటిది. ఆ రెండును సెమీతు భాషలని చెప్పబడు కుటుంబములోనివి. అష్షూరు, బబులోను, పారసీక సామ్రాజ్యములలో ఈ అరమేయము రాజకార్యములకు వాడబడెను. హిజ్కియా కాలమున అష్షూరు అధికారి యెరూషలేము గోడయొద్ద నిలిచి అరచినప్పుడు, సామాన్య ప్రజలకు తెలియకుండ అరమేయములో మాటలాడుమని రాజోద్యోగులు బతిమాలుకొనిరి (2 రాజులు 18:26). ఆ కాలమున అది పెద్దల భాష. చెర అనుభవించి తిరిగి వచ్చిన తరువాత క్రమక్రమముగా అది వీధి భాష ఆయెను. దానియేలు గ్రంథములో సుమారు సగభాగమును, ఎజ్రా గ్రంథములో కొంత భాగమును ఈ భాషలోనే వ్రాయబడినవి.

ఈ భాష మన దేశపు సరిహద్దువరకు వచ్చిన మాట నిజమే. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దమున అశోక చక్రవర్తి కాందహారు ప్రాంతమున గ్రీకు, అరమేయ భాషలు రెంటిలో ఒక శాసనము చెక్కించెను. అది 1958లో బయలుపడెను. అదే చక్రవర్తి శాసనములు మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలోను ఉన్నవి గాని అవి ప్రాకృత భాషలోనివి. అశోకుడు ఏ ప్రాంతమువారికి ఏ భాష తెలియునో ఆ భాషలో వ్రాయించెను. తెలుగు నేలమీద అరమేయము అక్కరలేకపోయెను.

అరమేయములో “అబ్” అనగా తండ్రి. “అబ్బా” అనగా “ఆ తండ్రి” అనియు, పిలుపుగా నున్నప్పుడు “తండ్రీ” అనియు అర్థము. కావుననే గ్రీకు మూలములో మూడు తావులలోను అబ్బా అను మాట వెంబడి “తండ్రి” అను గ్రీకు మాట జతచేయబడియున్నది. మీ సువార్తలలో ఈ మాట దాగియున్న మరియొక పేరు కలదు. అది బరబ్బ. బర్ అనగా కుమారుడు, అబ్బా అనగా తండ్రి. బరబ్బ అనగా “తండ్రి కుమారుడు.” పిలాతు ఎదుట జనులు “తండ్రి కుమారుడు” అను పేరుగల హంతకుని కోరుకొని, తండ్రియొక్క నిజమైన కుమారుని సిలువకు అప్పగించిరి. పేరు ఒక్కటి, మనుష్యులు వేరు. ఇది రెండవ పాఠము.

యూదుల తల్మూదు గ్రంథములో పల్లెవారికి బాగుగా అర్థమగు కథ ఒకటి కలదు. ప్రార్థనచేత వర్షము తెప్పించెనని పేరుపొందిన హోనీ అనువానికి హనాను అను మనుమడుండెను. వానలు లేనప్పుడు పెద్దలు బడిపిల్లలను అతనియొద్దకు పంపుచుండిరి. పిల్లలు అతని అంగీచెంగు పట్టుకొని, అబ్బా, అబ్బా, మాకు వాన ఇమ్మని అడుగుచుండిరి. అప్పుడతడు దేవునివైపు తిరిగి, వాన ఇచ్చు అబ్బా ఎవరో, ఇయ్యలేని అబ్బా ఎవరో ఎరుగని ఈ పసివారి నిమిత్తము దయచేయుమని వేడుకొనుచుండెనట. ఎండిన చెరువు గట్టుమీద నిలిచి ఆకాశమువైపు చూచినవారికి ఈ ప్రార్థన లోతు తెలియును.

చుట్టరికము ఎట్లు తెలియును?

“రెండు భాషలలోను అబ్బ అనగా తండ్రియే గదా, చుట్టరికము లేకుండ ఎట్లుండును?” అని మీరడుగవచ్చును. పెండ్లి సంబంధము చూచునప్పుడు ముఖము పోలినదని మాత్రమే చుట్టరికము కలుపుకొనము గదా! ఇంటిపేరు, ఊరు, తాతముత్తాతల వరుస విచారింతుము. భాషల విషయములోను అట్లే.

చెవిని కన్నడములో కివి అందురు. చెరువును కెరె అందురు. చేయిని కయ్ అందురు. మన “చె” ఉన్నచోట వారికి “క” వరుస వచ్చుచున్నది. ఇట్లు ఒకటి రెండు కాక వందలకొలది మాటలలో ఒకే క్రమము కనబడినయెడల అది చుట్టరికము. తెలుగు, తమిళము, కన్నడము ఒక్క కుటుంబమువని ఎల్లిసు దొర 1816లో చూపెను. తిరునెల్వేలి ప్రాంతమున సువార్త సేవచేసిన కాల్డువెల్లు మిషనెరీ 1856లో ద్రావిడ భాషలను పోల్చి గొప్ప వ్యాకరణము ప్రకటించెను. హెబ్రీలో చూడుడి: ఇంటికి “బేత్” అని పేరు. బేత్లెహేము, బేతేలు అను ఊళ్ల పేర్లలో అది మీకు తెలిసినదే. చేతికి “యద్”, చెవికి “ఓజెన్.” ఇల్లు, చేయి, చెవి అను మన మాటలతో వాటికి ఏ పోలికయు లేదు. అబ్బ అను ఒక్క ముఖము పోలినది గాని ఇంటిపేరు కలియలేదు.

నిజమైన చుట్టరికమునకు మరియొక మాదిరి. సంస్కృతములో తండ్రి పితృ, లాటినులో పాటెర్, ఇంగ్లీషులో ఫాదర్. ఈ పోలికను గూర్చి విలియం జోన్సు దొర 1786లో కలకత్తాలో చెప్పిన ప్రసంగము ప్రసిద్ధమైనది. ఆ లాటిను మాటనుండి పోర్చుగీసువారి “పాద్రే” పుట్టెను, దానినుండి మన తెలుగు “పాదిరి” వచ్చెను. కాబట్టి పితరులు అను మాటయు పాదిరి అను మాటయు, వినుటకు వేరుగా నున్నను, ఒక్క వేరునుండి మొలచినవి. అబ్బ, అబ్బా అనునవి వినుటకు ఒక్కటిగా నున్నను వేర్వేరు వేళ్లనుండి మొలచినవి. చెవి చెప్పినది ఒకటి, విచారణ చెప్పినది మరియొకటి!

అయితే ఈ పోలిక ఎక్కడనుండి వచ్చెను? దీనికి జవాబు పండితుల గ్రంథాలయములో కాదు, ఊయెలయొద్ద దొరకును. పళ్లు రాని పసిబిడ్డ పెదవులు మూసి తెరచినయెడల మ, ప, బ అను శబ్దములే మొదట వచ్చును. పాలు త్రాగుచు మూలిగినప్పుడు “మ్మ” అను శబ్దము వచ్చును. తలిదండ్రులు ఆ శబ్దములను తమ పేర్లుగా స్వీకరింతురు. రోమన్ యాకబ్సను అను భాషాపండితుడు 1959లో ఈ సంగతిని వివరించి వ్రాసెను. ఆ సంవత్సరముననే మర్డాకు అను పండితుడు లోకమందలి అనేక భాషలనుండి తల్లిదండ్రుల పేర్లు వెయ్యికి పైగా కూర్చి ఇట్టి పోలికలు చూపెను. హంగేరీ దేశమున తండ్రి “అపా”, కొరియాలో బిడ్డలు తండ్రిని “అప్పా” అందురు. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీలో “బాబా.” వీరెవరును ఒకరియొద్దనుండి ఒకరు నేర్చుకొనలేదు. బిడ్డ పెదవులు ఎక్కడనైనను ఒక్కటే.

ఈ శబ్దములు తారుమారగుటయు కలదు. జార్జియా దేశమున “మామా” అనగా తండ్రి. ఇంగ్లీషు బిడ్డకు మామా అనగా తల్లి. మనకు మామ అనగా తల్లి తోడబుట్టినవాడు, లేక పిల్లనిచ్చినవాడు. గ్రీకు, లాటిను భాషలలో “పాపా” అనగా తండ్రి, ఆ మాటనుండియే రోమా సంఘాధ్యక్షునికి పోపు అను పేరు వచ్చెను. మనకు పాప అనగా బిడ్డ, సంస్కృతమున పాపము అనగా దోషము. హైదరాబాదులోని మహమ్మదీయ బిడ్డలు తండ్రిని “అబ్బా” అని పిలుచుట మీరు వినియుందురు. అది మన అబ్బకు కాదు, అరబీలోని “అబ్” అను మాటకు చుట్టమని పండితులు ఎంచుదురు. అరబీ కూడ సెమీతు భాషయే. ఒక్క వీధిలో ఎదురెదురు ఇండ్లలో రెండు అబ్బలు వినబడవచ్చును. ఒకటి దక్షిణమునది, ఒకటి పడమటిది.

బిడ్డ పలుకు మాత్రమా?

ఇక్కడ మరియొక పొరపాటు తొలగింపవలెను. అబ్బా అనగా పసిబిడ్డ ముద్దుగా పలుకు మాట మాత్రమేయని అనేక ప్రసంగములలో చెప్పబడుచున్నది. యోవాకీము యెరెమియాసు (1900–1979) అను జర్మను పండితుని వ్రాతలవలన ఈ తలంపు వ్యాపించెను. ప్రభువు దేవుని ఇంత సమీపముగా పిలుచుట ఎంత విశేషమో ఆయన చూపించెను. అందుకు మనము కృతజ్ఞులము. కాని ఆ కాలమున పెరిగి పెద్దవారైన కుమారులు కుమార్తెలు కూడ తమ తండ్రిని అబ్బా అనియే పిలిచిరని ఆయనే తరువాత ఒప్పుకొనెను. జేమ్సు బార్ అను పండితుడు 1988లో ఈ సంగతిని వివరముగా విచారించి, అది పసివారి ముద్దుపలుకు కాదనియు, పెద్దలును వాడు గౌరవమైన ఇంటి మాటయనియు చూపెను. నేడు ఇశ్రాయేలు దేశపు వీధులలో చిన్నబిడ్డలు తండ్రిని అబ్బా అని పిలుచుచున్న మాట నిజమే గాని, నేటి వాడుకనుబట్టి ఆనాటి వాడుకను తీర్పు తీర్చరాదు.

ఇది చిన్న భేదము కాదు. గెత్సేమనేలో ప్రభువు బొమ్మ అడుగు బిడ్డవలె తండ్రిని పిలువలేదు. తన ఎదుటనున్న గిన్నె ఎట్టిదో సంపూర్ణముగా ఎరిగిన కుమారుడుగా పిలిచెను. తన కోరికను దాచలేదు, తండ్రి చిత్తమును త్రోసివేయలేదు. చనువు, విధేయత రెండును ఆ ఒక్క పిలుపులో కలిసియున్నవి. మన ఇండ్లలో పొలము దున్నుచు తండ్రి మాట జవదాటని ఎదిగిన కుమారుడు “నాయనా” అని పిలుచునప్పుడు ఎట్టి ధ్వని యుండునో అట్టి ధ్వని అందులోనున్నది.

మాట చేసిన ప్రయాణము

ప్రభువు పరమునకు వెళ్లిన తరువాత ఈ మాట బహుదూరము ప్రయాణము చేసెను. 4వ శతాబ్దమున ఐగుప్తు అరణ్యములలో ప్రార్థనయందు జీవించిన సన్యాసులలో పెద్దలను శిష్యులు “అబ్బా” అని పిలిచిరి. అది లాటినులో అబ్బాసు ఆయెను, ఇంగ్లీషులో ఆబట్, ఫ్రెంచిలో అబే ఆయెను. 6వ శతాబ్దమున బెనెడిక్టు తన మఠములకు నియమములు వ్రాసినప్పుడు, మఠాధిపతికి ఆ పేరు రోమా 8:15నుబట్టి వచ్చినదని చెప్పెను. మన దక్షిణ దేశమున 1792 మొదలు 1823 వరకు మైసూరు ప్రాంతములలో సేవచేసి, మన ఆచారములను గూర్చి ప్రసిద్ధ గ్రంథము వ్రాసిన ఫ్రెంచి పాదిరిని “అబే దుబాయి” అందురు. ఆ “అబే” మన అబ్బాయే! కొడుకు తండ్రిని పిలిచిన పిలుపు ఇట్లు పదవికి పేరాయెను. పదవి పేరు ధరించిన మనము, అనగా పాదిరియని పిలువబడు నేనును, మత్తయి 23:9ని తరచుగా చదువుకొనుట మంచిది.

కేరళ దేశపు సురియాని సంఘములవారు అరమేయమునకు చెందిన సురియాని భాషలో పూర్వము ఆరాధన చేయుచుండిరి. ఆ భాషలో పరలోక ప్రార్థన “అబూన్” అను మాటతో మొదలగును. అనగా “మా తండ్రీ.” అక్కడను ఈ మాట రక్తసంబంధమువలన రాలేదు, ఆరాధనవలన వచ్చెను.

తెలుగునకు ఈ మాట తర్జుమా చేసినవారి చేతులమీదుగా వచ్చెను. జర్మను మిషనెరీయైన బెంజమిను షుల్జు 1726లో మద్రాసు చేరి లేఖనములను తెలుగున వ్రాయ మొదలుపెట్టెను గాని ఆయన తర్జుమా అచ్చుకాలేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెగ్రాంజిసు అను ఇరువురు మిషనెరీలు ఆనందరాయరు అను తెలిసిన సహోదరుని సహాయముతో సువార్తలు తర్జుమా చేసిరి. ఆ మిషనెరీలు ఇరువురును 1809, 1810 సంవత్సరములలో మన నేలమీదనే మరణించిరి. వారి పిమ్మట అనేకులు ఆ పని కొనసాగించిరి.

మన చేతులలోనున్న పాత తర్జుమా తెరచి చూడుడి. రోమా 8:15లో “అబ్బా తండ్రీ” అని యున్నది. మార్కు 14:36లోను గలతీ 4:6లోను “నాయనా తండ్రీ” అని యున్నది. ఒకచోట ప్రభువు శబ్దమును మనకు దక్కించిరి, రెండు చోట్ల దాని అర్థమును మన ఇంటి మాటలో ఇచ్చిరి. రెండును మనకు అవసరమే. నాయనా అను మాటలో మరియొక అందము కలదు. మన ఇండ్లలో కొడుకు తండ్రిని నాయనా అనును, తండ్రియు కొడుకును “రా నాయనా” అనును. ప్రేమ ఆ మాటను రెండు వైపుల నడిపించును.

దత్తతవలన వచ్చిన మాట

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. పౌలు గలతీయులకును రోమీయులకును గ్రీకులో వ్రాసెను. వారిలో అనేకులు అన్యజనులు. అరమేయము వారి తల్లి భాష కాదు. వారికి “తండ్రి” అను గ్రీకు మాట చాలదా? అబ్బా అను యూదుల ఇంటి మాటను వారి నోట ఎందుకు పెట్టెను? అది ప్రభువు నోట వచ్చిన పిలుపు గనుక, మొదటి సంఘము దానిని విడిచిపెట్టలేకపోయెను. క్రీ.శ. 57 ప్రాంతమున రోమా పత్రిక వ్రాయబడునప్పటికే దూరదేశపు సంఘములు ఈ మాట ఎరిగియుండెను.

పౌలు ఆ మాట ప్రక్కన పెట్టిన మరియొక మాటను గమనించుడి. దత్తపుత్రాత్మ అని వ్రాసెను. దత్తత! రోమా పట్టణస్థులకు దత్తత అనగా ఏమో బాగుగా తెలియును. వారి చక్రవర్తియైన నీరో పుట్టుకచేత క్లౌదియ కైసరు కుమారుడు కాడు. క్రీ.శ. 50లో క్లౌదియ అతనిని దత్తత తీసికొనెను, 54లో అతడు సింహాసనమెక్కెను. దత్తపుత్రుడు తండ్రి పేరును పొందును, స్వాస్థ్యమును పొందును. నీకు ఆ రక్తము లేదు గదాయని ఎవరును అతని హక్కు త్రోసివేయలేరు.

నా ప్రసంగములోని తప్పు ఇక్కడనే ఉన్నది. అది భాషా చరిత్రలో పొరపాటు మాత్రమే కాదు, సువార్తలోనే పొరపాటు. మన భాషయు ప్రభువు భాషయు రక్తసంబంధులని చెప్పి సంఘమునకు గొప్పతనము కట్టబెట్ట చూచితిని. అబ్రాహాము మాకు తండ్రియని అతిశయపడినవారితో బాప్తిస్మమిచ్చు యోహాను ఏమి చెప్పెనో మత్తయి 3:9లో చదువుడి. శబ్దము కలియుటవలననే మనము పిల్లలమైనయెడల, ఆ శబ్దము లేని భాషలవారి గతి ఏమి? తండ్రిని మామా అను జార్జియావారు వెలుపలనుందురా? కాదు! ఆ మాట పుట్టుకచేత వారిదియు కాదు, మనదియు కాదు. ఆత్మ ఇచ్చుటవలన అది వారిదియు మనదియు ఆయెను. పుట్టుకచేత మనది కాని పిలుపు మన నోట నుండుటయే మన దత్తతకు గురుతు.

సహోదరులారా, ఇది మన పల్లె సంఘములకు ఎంత ఆదరణ! తమ తండ్రి పేరును గౌరవముగా ఎన్నడును వినక, తిట్టులో మాత్రమే వినిన పెద్దలు మనలో ఉన్నారు. వంశమడిగి కడపటి వరుసలో నిలువబెట్టబడినవారున్నారు. త్రాగివచ్చి కొట్టిన తండ్రిని తప్ప మరియొక తండ్రిని ఎరుగని బిడ్డలున్నారు. వారితో, “మీ ఇంటి అబ్బను బట్టి దేవుని ఊహించుకొనుడి” అని చెప్పజాలము. దేవుడు మన అబ్బకు పోలిక కాదు. ఆయన మనలను దత్తత తీసికొన్న క్రొత్త తండ్రి. ఆయనయొద్ద మన పాత ఇంటిపేరు అడుగబడదు.

ఇక ఆ రెండు ప్రశ్నల సంగతి.

నేను పుస్తకములు చదివి నా తప్పు తెలిసికొనిన తరువాత ఆ యౌవనుని ఇంటికి వెళ్లి, “తమ్ముడా, నీవు అడిగినదే సరి, నేను చెప్పినది తప్పు” అంటిని. అతడు చాలసేపు ఏమియు అనలేదు. పిమ్మట నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చెను. కొద్ది నెలలకే పనికొరకు పట్టణమునకు వెళ్లిపోయెను. అక్కడ ఏ గుడికి వెళ్లుచున్నాడో లేదో నాకు తెలియదు. అతని కొరకు నేటికిని ప్రార్థించుచున్నాను. బోధకులారా, ప్రసంగపీఠమునుండి పలికిన అబద్ధము, భక్తి కొరకు పలికినదైనను, వినువానిని తడబడజేయును. సత్యమగు దేవునికి మన అబద్ధముల సహాయము అక్కరలేదు.

ఆ వృద్ధురాలికి జవాబు చెప్పుటకు సమయము దొరికెను. “అమ్మా, యేసయ్య నొప్పికి మూలుగుచు ఆ మాట అనలేదు. ఆయన భాషలో అది తండ్రిని పిలుచు పిలుపు. మన మాట వేరు, ఆయన మాట వేరు” అని చెప్పితిని. ఆమె ఆలోచించి, “అయితే నొప్పిలో ఆయన తండ్రిని పిలిచినాడు, నేను ఉత్తగా మూలుగుతున్నాను. ఇక నేను కూడా పిలుస్తాను అయ్యగారూ” అనెను. నేను నేర్చుకొనిన భాషాశాస్త్రమంతయు ఆమె ఒక్క మాటతో ప్రార్థనగా మార్చెను.

ప్రియ చదువరీ, నీవును నేడు అనేక పర్యాయములు అబ్బా అందువు. మూట దించినప్పుడు అందువు, నడుము నొచ్చినప్పుడు అందువు. అది మన తెలుగు అబ్బా, అందులో తప్పు లేదు. కాని ఆ మూలుగుతో ఆగిపోవద్దు. ప్రభువు తన రక్తమిచ్చి నీకు సంపాదించిన మరియొక అబ్బా కలదు. మోకాళ్లూని దానిని పలుకుము. వినువాడు ఉన్నాడు.

పరలోకమందున్న మా తండ్రీ, పుట్టుకచేత మాకు లేని హక్కును నీ కుమారునియందు మాకిచ్చితివి. నిన్ను పిలుచుటకు మాకు నోరిమ్ము, నీ చిత్తమునకు లోబడుటకు మనసిమ్ము. ఆమేన్.